సన్మానంలో దారి తప్పిన లైటు

"కాస్త వంగి నడవండి. మీకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు."

హెడ్‌సెట్‌లో అతను ఆ మాట అనగానే కింద నడుస్తున్న అమ్మాయి ఆగిపోయింది. గుండ్రటి వెలుగులో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, హాలు వెనక గోడలో పైనున్న చిన్న కిటికీ వైపు మొహమెత్తింది.

"నాకు ఇరవై నాలుగు. కావాలంటే పైకొచ్చి చెప్తాను."

"మీ వయసు కాదండీ. మీరిప్పుడు బేకరీ పెద్దాయన. ఆయనకి మోకాళ్ల నొప్పులు."

"ఆయన నొప్పులు నాకెందుకు పెడతారు? పొద్దున్నుంచి ఇదే దారిలో ఏడుసార్లు నడిచాను. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఇంత నడిచి ఉండడు."

"ఎనిమిదోసారి నడవండి. కుర్చీ దగ్గర్నుంచి స్టేజీ మెట్ల దాకా ముప్పై ఒక్క అడుగు రావాలి. మీరు ఇరవై ఆరుకే వచ్చేస్తున్నారు."

"పైన కూర్చుని నా అడుగులు లెక్కపెడుతున్నారా?"

"అది నా పని."

"పాపం, మీ ఇంట్లోవాళ్లు మిమ్మల్ని ఎలా భరిస్తున్నారో!"

ఆమె వెనక్కి వెళ్లి బేకరీ పెద్దాయన కుర్చీలో కూలబడింది. లేచేటప్పుడు పెద్దగా మూలిగింది. కింద ఉన్నవాళ్లంతా నవ్వారు. ఈసారి సరిగ్గా ముప్పై ఒక్క అడుగు వచ్చింది.

దాన్ని పరిచయం అనాలో పోట్లాట అనాలో అతనికి తెలియలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే మాత్రం ఆ మూలుగు గుర్తొచ్చి, వానలో ఒక్కడే నవ్వుకున్నాడు. నవ్వి చాలా రోజులైంది.

అది నాటకాల హాలు. పాతది. పైకప్పు నాలుగు చోట్ల కారుతుంది. వానాకాలంలో కుర్చీల మధ్య బకెట్లు పెడతారు. నాటకాల వాళ్లు, పాటల వాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు, ఆ ఊళ్లో కళ అన్నవాళ్లందరికీ ఉన్నది ఆ ఒక్క కప్పే. ముసలివాళ్లై వేషం కట్టలేక మూలపడ్డ నటులకి మందులు ఇప్పించేది కూడా ఆ హాలు కమిటీయే. ఆ ఏడు కమిటీ చేతులెత్తేసింది. అప్పుడు సెక్రటరీగారికి ఒక ఆలోచన వచ్చింది. ఇన్నాళ్లూ కళాకారుల్ని ఆదుకున్న పదకొండు మందిని పిలిచి, ఊరంతా చూస్తుండగా స్టేజీ మీద సన్మానం చెయ్యాలి. అది చూసి మిగిలినవాళ్ల మనసు కరగాలి. విరాళాలు రావాలి.

"హాలంతా చీకటి," అన్నాడు సెక్రటరీగారు చేతులు తిప్పుతూ. "పేరు పిలుస్తాం. ఒకే ఒక్క లైటు వెళ్లి వాళ్ల కుర్చీ మీద పడాలి. వాళ్లు లేచి నడుస్తుంటే వాళ్లతోనే నడవాలి. చూసేవాళ్లకి గొంతు పట్టెయ్యాలి. ఏమయ్యా మిణుగురూ, పట్టేస్తుందా?"

"పట్టేస్తుందండీ," అన్నాడతను. అప్పటికే అతని గొంతు పట్టేసింది.

ఆ హాల్లో ఎవరినీ సొంత పేరుతో పిలవరు. ఆరేళ్లుగా పై గదిలో లైటు పట్టుకుని కూర్చుంటాడు కాబట్టి అతను మిణుగురు. బట్టల గదిలో వేషాలు కుట్టడానికి ఆ అమ్మాయి వచ్చి రెండు నెలలే అయింది. వచ్చిన వారానికే సూది అని పేరు పెట్టారు. పని వల్ల సగం, నోటి వల్ల సగం. వాళ్ల నాన్న ఆ హాల్లో సెట్లు కట్టే మేస్త్రీ. ఆయన రోజుకి పది మాటలు మాట్లాడితే, ఒంట్లో బాగాలేదేమోనని అందరూ కంగారు పడతారు. ఆ నోరంతా కూతురికి వచ్చిందంటారు.

సన్మానం చేయించుకునే పెద్దలు రిహార్సలుకి రారు కదా. అందుకని వాళ్ల బదులు ఎవరో ఒకరు ఆ కుర్చీల్లో కూర్చుని, లేచి నడవాలి. కుట్టుపని అయిపోయి ఖాళీగా ఉందని ఆ పని సూదికి అప్పగించారు.

మిణుగురు తన కళ్ల సంగతి హాల్లో ఎవరికీ చెప్పలేదు.

ఏడాది కిందట డాక్టరు చెప్పాడు. చూపు అంచుల నుంచి తరిగిపోతూ వస్తుందని, దానికి మందు లేదని. ఇప్పుడతనికి లోకమంతా గొట్టంలోంచి చూసినట్టుంటుంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. పక్కనున్నది కనిపించదు. చీకట్లో ఏదీ కనిపించదు. మనిషి వెలుగులో ఉన్నంతసేపూ అతనికి దిగుల్లేదు. ఆ మనిషి వెలుగు దాటి ఒక్క అడుగు పక్కకి వేస్తే, మళ్లీ పట్టుకోలేడు. అందుకే అడుగులు లెక్కపెట్టేది. ఎవరు ఎన్ని అడుగులకి ఎటు తిరుగుతారో కంఠతా వస్తే, కళ్లతో పనిలేకుండా చేతులే తిప్పుతాయి.

సంగతి తెలిస్తే ఆ పై గది పోతుంది. అతనికి వచ్చిన పని అదొక్కటే.

తెలిసింది వాళ్ల వదినకొక్కదానికే. ఆవిడ రోజూ రాత్రి అన్నం పెడుతూ అదే పాట పాడేది.

"చెప్పెయ్యకూడదూ, మరిదీ? ఎన్నాళ్లని దాస్తావు?"

"ఈ సన్మానం అయిపోనీ, వదినా."

"పోయిన నాటకం అయిపోనీ అన్నావు. దానికి ముందుది అయిపోనీ అన్నావు."

అతను పళ్లెంలోకి తల వంచుకునేవాడు.

రిహార్సళ్లు పది రోజులు. మొదటి రెండు రోజులూ ఆమె కారాలు మిరియాలు నూరింది. మూడో రోజుకి సరదా పుట్టింది. పదకొండు మందికీ పదకొండు నడకలు కనిపెట్టింది. టోపీల కొట్టు యజమాని పొట్ట ముందు, మనిషి వెనక. పియానో ఇచ్చిన మేడమ్ నేల తగలకుండా నడుస్తుంది. రిటైరైన జడ్జిగారు ప్రతి కుర్చీకీ శిక్ష వేస్తున్నట్టు చూస్తాడు.

"జడ్జిగారు అలా నడుస్తారని మీకెవరు చెప్పారు?" అనడిగాడు హెడ్‌సెట్‌లో.

"ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన కోటు నేనే కుట్టాను. ఒక భుజం ఎత్తు. తీర్పులు చెప్పీ చెప్పీ ఒక పక్కకి ఒరిగిపోయాడు."

"నా భుజాలెలా ఉంటాయో చెప్పండి చూద్దాం."

"ఏం చెప్పను? మిమ్మల్ని సరిగ్గా చూసిందెప్పుడు? చెవిలో గొంతు తప్ప మీకు ఒళ్లుందో లేదో కూడా తెలీదు."

"ఉంది. లైటు వేడికి మాడిపోయి ఉంది."

ఆమె నవ్వింది. హెడ్‌సెట్‌లో నవ్వు చెవి పక్కనే నవ్వినట్టుంటుంది. వెలుగు ఒక్కసారి ఊగింది.

"ఏమైంది? లైటు ఊగింది."

"గాలి."

"తలుపులన్నీ వేసి ఉన్నాయి కదండీ. ఏం గాలి?"

అతను లైటుని తర్వాతి కుర్చీ మీదికి తిప్పాడు.

ఆరో రోజుకి ఇద్దరి మధ్యా మాటలు పెరిగాయి. మధ్యలో స్టేజీ మీద మేస్త్రీ చిన్న బల్బు పెట్టుకుని ఏదో బిగిస్తుంటే లైటు ఆపేవారు. చీకట్లో ఆమె ఏదో ఒక కుర్చీలో కూర్చుని ఊరికే మాట్లాడేది. వాళ్ల అమ్మ పోయినప్పుడు నాన్న నలభై రోజులు ఒక్క మాట మాట్లాడలేదని చెప్పింది. అప్పటి నుంచీ ఇంట్లో ఇద్దరి మాటలూ తనే మాట్లాడుతున్నానంది. "నాన్నా, కూరలో ఉప్పు సరిపోయిందా? సరిపోయిందమ్మా. ఇదిగో, రెండూ నేనే."

పైన అతను నవ్వాడు. నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. పైకప్పు మీద వాన పడుతోంది. కింద బకెట్లలో చినుకులు టపటపమంటున్నాయి. ఆ చీకట్లో ఆమె ఏ కుర్చీలో ఉందో అతనికి తెలియదు. అయినా హాల్లో ఆమె ఒక్కతే ఉన్నట్టుంది.

ఆ మర్నాడే అంతా చెడింది.

సాయంత్రం పని ముగించుకుని అతను మెట్లు దిగాడు. చెయ్యి గోడకి ఆనించి, ఒక్కో మెట్టూ కాలితో తడిమి దిగడం అలవాటే. స్టేజీ వెనక వసారాలో బల్బు ఒక్కటే వెలుగుతోంది. తిన్నగా గుమ్మం వైపు చూస్తూ నడిచి, గొడుగు విప్పుకుని వానలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు హెడ్‌సెట్‌లో ఆమె గొంతు అదోలా ఉంది.

"ఒకటో నంబరు రెడీ."

"శుభోదయం అని కూడా అనరా?"

"ఒకటో నంబరు రెడీ అన్నాను."

పదకొండు మంది బదులూ నడిచింది. పదకొండూ ఒకే నడక. జడ్జిగారి భుజం లేదు, టోపీల ఆయన పొట్ట లేదు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"నా మీద కోపమా?"

"మీ మీద కోపానికి నేనెవర్నండీ?"

"ఏం చేశానో చెప్పండి."



"నిన్న సాయంత్రం వసారాలో రెండు టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. మీకొకటి, నాకొకటి. ఇన్నాళ్లూ గొంతే విన్నాం కదా, మనిషిని చూద్దామని. మీరొచ్చారు. నా భుజం పక్క నుంచే వెళ్లారు. జానెడు దూరం కూడా లేదు. బట్టల గదిలో వాళ్లంతా చూస్తూనే ఉన్నారు. చెయ్యి చాపిన దాన్ని చాపినట్టే ఉన్నాను. మీరు గొడుగు విప్పుకుని పోయారు."

పక్కనుంది. పక్కనుంటే ఎలా కనిపిస్తుంది? ఒక్క మాట పిలిచినా ఆగేవాడు. పిలవకుండా నవ్వుతూ నిలబడి ఉంటుంది.

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. నాకు పక్కనున్నది కనిపించదు, అంతే ఆ మాట. కానీ ఆ హెడ్‌సెట్ తీగ సెక్రటరీగారి బల్ల మీది పెట్టెలోంచి వెళ్తుంది. ఆయన వింటే? ఆయన సంగతి అలా ఉంచితే, ఈమె వింటే? పొగరుబోతు అనుకుంటే కోపం వస్తుంది. గుడ్డివాడు అనుకుంటే జాలి వస్తుంది. కోపమే నయం అనిపించింది.

"చూశాను," అన్నాడు. "తొందర పనుండి వెళ్లాను."

"చూశారా?"

"చూశాను."

"సరేనండీ," అంది ఆమె. "పదకొండో నంబరు అయిపోయింది. ఇంకేమైనా ఉందా?"

"లేదు."

ఆ రాత్రి వదిన అంతా విని, కంచం ముందు పెట్టి నెత్తి కొట్టుకుంది. "చూడలేదంటే తప్పు పోయేది కదయ్యా! చూశానని ఏ తెలివితక్కువవాడైనా చెప్తాడా?"

అతను కంచం పక్కకి జరిపాడు.

సన్మానం రోజు పొద్దున్నుంచీ ముసురు. అయినా జనం వచ్చారు. గొడుగులు గుమ్మం పక్కన కుప్ప పోశారు. మంచి బట్టల వాసన, తడి వాసన కలిసి పై గది దాకా వచ్చింది. సాయంత్రం ఆరింటికి సెక్రటరీగారు దీపాలన్నీ ఆర్పించి, పేర్లు పిలవడానికి స్టేజీ మీద మైకు దగ్గరికి వెళ్లారు.

కింద సూది హెడ్‌సెట్ పెట్టుకుని నడవా పక్కన నిలబడింది. పేరు పిలిచినప్పుడు ఆ పెద్దమనిషి భుజం తట్టి దారి చూపించడం ఆమె పని. హెడ్‌సెట్‌లో నంబర్లు తప్ప ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

"ఒకటో నంబరు రెడీ."

బేకరీ పెద్దాయన లేచాడు. ముప్పై రెండు అడుగులు వేశాడు. ఒక్కటి తేడా, ఫరవాలేదు. జడ్జిగారు అచ్చం ఆమె నడిచినట్టే నడిచారు. పియానో మేడమ్ నేల తాకలేదు. ప్రతి ఒక్కరికీ జ్ఞాపిక ఇస్తుంటే చప్పట్లు కొట్టారు. ఆరుగురు అయ్యారు. అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది.

ఏడో నంబరు ఒక మామ్మగారు. ముప్పై ఏళ్లుగా ప్రతి నాటకానికీ మొదటి వరస మొత్తం ఒక్కరే కొనేసి, కొత్తగా నేర్చుకుంటున్న పిల్లల్ని ఆ వరసలో ఊరికే కూర్చోబెట్టేది. ఆవిడ కుర్చీ నుంచి మెట్లకి తొమ్మిది అడుగులే. పదకొండు మందిలో అన్నిటికంటే తేలికైన దారి.

వెలుగు ఆవిడ మీద పడింది. ఆవిడ లేచింది. మూడు అడుగులు వేసింది. ఆగింది. వెనక్కి తిరిగి, వెలుగు దాటి చీకట్లోకి వెళ్లిపోయింది.

అతని చేతులు మాత్రం నాలుగు, ఐదు, ఆరు అని మెట్ల వైపు లైటు తిప్పుకుంటూ పోయాయి. తొమ్మిది దగ్గర ఆగాయి. వెలుగులో ఖాళీ మెట్లున్నాయి. మనిషి లేదు.

వెనక్కి తిప్పాడు. ఖాళీ కుర్చీ. పక్కకి తిప్పాడు. ఆవలిస్తున్న ఒకాయన నోరు. ఇంకా పక్కకి. బకెట్టు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకరు నవ్వారు. తర్వాత నవ్వు కూడా ఆగిపోయింది. అది ఇంకా ఘోరంగా ఉంది. వెలుగు గోడ మీద, తెర మీద, ఎవరివో నెరిసిన తలల మీద పిచ్చిపట్టినట్టు తిరుగుతోంది. చేతులు వేడి లైటుకి తగిలి కాలుతున్నాయి. అతనికి తెలియడం లేదు.

"ఎక్కడ?" అన్నాడు హెడ్‌సెట్‌లో.

"ఏంటి ఎక్కడ? ఎదురుగానే ఉంది కదా!"

"ఎక్కడ? నాకు కనబడటం లేదు."

"ఆటలాడుతున్నారా? అందరూ..."

"నాకు కనబడటం లేదు, సూదీ." గొంతు పగిలింది. "వెలుగు పక్కన ఏమున్నా నాకు కనబడదు. ఎక్కడుందో చెప్పు."

హెడ్‌సెట్‌లో ఊపిరి ఆగింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలో రెండు టీ గ్లాసులూ, ముప్పై ఒక్క అడుగూ అన్నీ ఆమెకి అర్థమై ఉంటాయి.

"ఎడమకి తిప్పు," అంది. 'మీరు' అనడం పోయింది. "ఇంకా. ఇంకా. ఆగు. ఎక్కువైంది, రెండు కుర్చీలు వెనక్కి. ఇప్పుడు నీ వైపుకి లాగు. కొంచెం. ఇంకొంచెం. అక్కడే. కదలకు."

వెలుగు నాలుగో వరసలో ఆగింది.

మామ్మగారు అక్కడ వంగి, ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని లాగుతోంది. ఆయన ఆ హాల్లో నలభై ఏళ్లు మొహాలకి రంగు పూసినవాడు. ఇప్పుడు మందులకి కమిటీ మీద ఆధారపడి బతుకుతున్నవాడు. ఆయన రానని తల అడ్డంగా ఊపుతున్నాడు.

"లేవయ్యా," అంది మామ్మగారు. హాలంతా నిశ్శబ్దంగా ఉంది కాబట్టి చివరి వరస దాకా వినిపించింది. "నేను టిక్కెట్లు కొన్నదాన్నే. పని చేసినవాడివి నువ్వు. నాతో రాకపోతే నేనూ ఎక్కను."

ఆయన లేచాడు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడిచారు. ఎన్ని అడుగులో ఎవరూ లెక్కపెట్టలేదు. చెవిలో ఆమె చెప్తూనే ఉంది. "మెల్లగా. ఆగారు. కుడికి. ఇప్పుడు మెట్టు. ఇంకో మెట్టు." అతని చేతులు ఆమె గొంతు వెంట వెళ్లాయి.

హాలంతా లేచి నిలబడింది.

మిగిలిన నలుగుర్నీ ఆమే నడిపించింది. కింద వాళ్లనీ, పైన అతన్నీ.

ఎనిమిదింటికి సభ ముగిసింది. సెక్రటరీగారు ఆయాసపడుతూ పై గదికి ఎక్కి వచ్చారు. ఆరేళ్లలో ఆయన ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి.

"ఏం తెలివయ్యా! ఆ వెతకడం! ఆ వెలుగు అందరి మొహాల మీదా అలా తిరుగుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. ముందే చెప్పకూడదూ? కింద జనం విరాళాల బల్ల దగ్గర వరస కట్టారు. నిన్ను వదిలేది లేదు. వచ్చే ఏడు కొత్త లైటు కొంటాం. నువ్వే వెయ్యాలి."

అతను తల ఊపాడు. సెక్రటరీగారు దిగి వెళ్లారు. దిగేటప్పుడు ఆయనకి ఎవరో ఎదురై పక్కకి తప్పుకున్నట్టు చప్పుడైంది.

ఆమె గుమ్మంలో నిలబడింది. పక్కన కాదు, అతనికి సరిగ్గా ఎదురుగా. చెయ్యి చాపితే అందేంత దగ్గర. వానకి తడిసిన జుట్టు, చెవి వెనక ఇరికించుకున్న సుద్దముక్క. ఆమెని అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

"టీ చూశానన్నావు," అంది.

"అవును."

"చూడలేదు."

"లేదు."

"నాలుగు రోజులు ఏడ్చాను నేను! తలగడ తడిసి ఆరలేదు, వానాకాలం కదా!" కోపంతో ఆమె ముక్కు ఎర్రబడింది. "కనబడలేదు అని ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"నువ్వు జాలి పడతావని."

"పడతాను. ఎందుకు పడను? ఇప్పుడు పడుతున్నాను. అయితే ఏంటి? కోపం కూడా వస్తోంది. రెండూ పట్టవా ఒక మనిషికి?"

ఆమె వచ్చి పక్క స్టూలు మీద కూర్చుంది. కూర్చున్నాక అతనికి కనిపించలేదు. తల తిప్పి వెతికి చూశాడు. అది ఆమె గమనించింది. మొహం వాడిపోయింది. స్టూలు జరుపుకుని ఎదురుగా వచ్చింది.

"ఎంత ఉంది ఇంకా?"

"మూడేళ్లో నాలుగేళ్లో. డాక్టరు కూడా కచ్చితంగా చెప్పలేదు."

కింద కుర్చీలు సర్దుతున్నారు.

"నేను చెప్తుంటాను," అంది చివరికి. "ఈ రోజులాగే. చెవిలో. ఎవరికీ తెలియదు. సెక్రటరీగారికే తెలియలేదు. ఆయన వినేది ఆయన గొంతే కదా. నువ్వు లైటు వదలక్కర్లేదు."

అతనికి ఏడుపొచ్చినంత పనైంది. సరే అనబోయాడు. పెదవులు కదిలాయి.

"అమ్మాయ్," అని గుమ్మం దగ్గర గొంతు వినిపించింది.

మేస్త్రీ. చేతిలో మేకులు పీకే కమ్మీ. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆయన లోపలికి రాలేదు.

"రెండు నెలల కిందట," అన్నాడు మేస్త్రీ, "నేను నిచ్చెన మీదున్నాను. బరువంతా దూలం మీదికి వాల్చి తాడు కడుతున్నాను. ఇతనొచ్చి నిచ్చెన లాగాడు. లైటు తగిలించడానికి దానితో పనిపడి. నన్ను చూడలేదు. దూలం పట్టుకుని వేలాడాను. అవతలి గోడ మీదికి దిగాను."

మిణుగురు లైటు మీంచి చెయ్యి తీసేశాడు. ఆ నిచ్చెన అతనికి గుర్తుంది. పైన మనిషి ఉన్నాడని ఇప్పుడు వింటున్నాడు.

"నాకు చెప్పలేదేం నాన్నా?" అంది ఆమె, పాలిపోయి.

"అతనే చెప్తాడని చూశాను." మేస్త్రీ కమ్మీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "పైన లైట్లు బరువైనవి. కింద మనుషులుంటారు. చెవిలో చెప్పేది నువ్వైనా, బిగించేది అతనే."

అంతే అన్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ ఏడాదిలో ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే అయి ఉంటుంది.

మర్నాడు పొద్దున అతను సెక్రటరీగారి గదికి వెళ్లి అంతా చెప్పాడు. సెక్రటరీగారి ముందు పేపరుంది. అందులో రాత్రి వెలుగు గురించి అరపేజీ పొగిడారు. ఆయన పేపరు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"అంటే అది... వెతకడం కాదా?"

"వెతకడమేనండీ. నిజంగానే వెతికాను."

"ఎవరికీ చెప్పకు," అన్నాడు సెక్రటరీగారు. తర్వాత గొంతు తగ్గించి, "నిచ్చెన సంగతి కూడా నిజమేనా?" అని అడిగాడు. అతను తల ఊపాడు. ఆయన కిటికీలోంచి వానకేసి చూశాడు. "లైటు ఇవ్వలేనయ్యా."

"తెలుసండీ. అది చెప్పడానికే వచ్చాను."

"టిక్కెట్ల కిటికీ దగ్గర చోటుంది. పగటిపూట. ఆలోచించుకో."

పై గది తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికి వచ్చాడు. ఆరేళ్లు. ఒక తాళంచెవి. వసారాలో గోడ పట్టుకుని కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత స్టేజీ మీదికి వెళ్లాడు. మేస్త్రీ ఒక్కడే రాత్రి కట్టిన వేదిక విప్పుతున్నాడు.

"లైటు వదిలేశానండీ."

మేస్త్రీ ఒక మేకు పీకాడు.

"నిచ్చెన సంగతి... నన్ను క్షమించండి."

ఇంకో మేకు.

"మీ అమ్మాయిని చేసుకుంటానని అడగడానికొచ్చాను. కళ్ల సంగతి మీరు విన్నారు. పని సంగతి ఇప్పుడే విన్నారు. ఇంతకంటే చెప్పుకోడానికి నా దగ్గరేం లేదు."

మేస్త్రీ చెయ్యి ఆగింది. "అదేమంది?"

"ఇంకా అడగలేదండీ."

"దాన్ని అడక్కుండా నా దగ్గరికొచ్చావా?" మేస్త్రీ మొదటిసారి తలెత్తి చూశాడు. "నోరు దానిది. నాకేం తెలుసు? పో, అడుగు."

బట్టల గదిలో ఆమె రాత్రి పియానో మేడమ్ వేసుకున్న అద్దె గౌను అంచు విప్పుతోంది. మిగతా ఆడవాళ్లు అతన్ని చూసి, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని బయటికి వెళ్లారు. అతను వెళ్లి సరిగ్గా ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పేశాను. లైటు పోయింది."

"తెలుసు. సెక్రటరీగారి గది గోడ పల్చన." ఆమె దారం తెంపింది. "బాధగా ఉందా?"

"చాలా."

"ఊఁ."

"నన్ను చేసుకుంటావా?"

ఆమె వెంటనే నవ్వలేదు. సూది గౌనుకి గుచ్చి పక్కన పెట్టింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. వాన ఆగిందో లేదో తెలియనంత సన్నగా పడుతోంది.

"రాత్రంతా నిద్ర పట్టలేదు," అంది. "ఒకరోజు నేను ఎదురుగా నిలబడ్డా నీకు కనబడను. ఆ రోజు నేనేం చేస్తానా అని ఆలోచించాను. ఏమీ తోచలేదు. నాకు భయంగా ఉంది."

"నాకూ."

"నువ్వు మళ్లీ దాస్తావేమోనని ఇంకా భయంగా ఉంది. చూపు తగ్గిన రోజున తగ్గిందని చెప్పాలి. ఆ రోజే చెప్పాలి. చూశానని అబద్ధమాడితే గౌను కుట్టినట్టు నోరు కుట్టేస్తాను."

"చెప్తాను."

"ఒట్టు?"

"ఒట్టు."

"ఈ మధ్య తగ్గిందా?"

"తగ్గింది. పోయిన నెల ఎదురుగా కూర్చుంటే వదిన రెండు చెవులూ ఒకేసారి కనిపించేవి. ఇప్పుడు నీ చెవి ఒకటే కనిపిస్తోంది."

ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి. చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకుంది.

"అయితే సరే," అంది.

ఇద్దరూ స్టేజీ మీదికి వచ్చారు. మేస్త్రీ వాళ్లని చూశాడు. కూతురి మొహం చూశాడు, పట్టుకున్న చేతులు చూశాడు. వంగి పొడవాటి చెక్క ఒకటి ఒక కొస పైకెత్తాడు.

"అవతలి కొస పట్టుకో," అన్నాడు అతనితో. "వెనక గదిలో పెట్టాలి."

అతను తడుముకుని రెండో కొస ఎత్తుకున్నాడు. బరువుగా ఉంది.

"నేను ముందు నడుస్తాను," అన్నాడు మేస్త్రీ. "గడప వచ్చినప్పుడు చెప్తాను."

రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే ఇంకో మాట అన్నాడు.

"మెల్లగా రా, అల్లుడూ."